విన్‌స్టన్ కౌంటీ రాయి మీద యూనియన్ డాలు: దక్షిణాది యూనియన్ గుర్రపు దళాల రికార్డులు వెతకడం, చదవడం

అడిగిన ప్రశ్న ఇది: హంట్స్‌విల్‌లో ఉంటున్నాను. అలబామాలోని విన్‌స్టన్ కౌంటీలో ఒక పల్లె శ్మశానంలో పాత సమాధి రాయి కనిపించింది. డాలు ఆకారం, అందులో పేరు, కింద "కో. కె, 1 అలా. కావ్." అని ఉంది. అమెరికా అంతర్యుద్ధంలో అలబామా కాన్ఫెడరసీ (విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల కూటమి) వైపు కదా, ఇతనిది ఏ పక్షం? వెబ్‌లో ఒక జాబితాలో ఇతని పేరు పక్కన "పారిపోయాడు" అని రాశారు. అది నమ్మవచ్చా? ఇతని వివరాలు ఎక్కడ మొదలుపెట్టి వెతకాలి?

మీరు చూసింది యూనియన్ (ఉత్తరాది ప్రభుత్వ పక్షం) సైనికుడి రాయే, సందేహం అక్కర్లేదు. రాయి మీది అక్షరాలకు అర్థం కంపెనీ కె, ఫస్ట్ అలబామా కావల్రీ, అంటే గుర్రపు దళం. పలకలోకి డాలు ఆకారంలో తొలిచి, అక్షరాలను ఉబ్బెత్తుగా వదలడం అంతర్యుద్ధపు యూనియన్ సైనికులకు ప్రభుత్వం ఇచ్చిన నమూనా. కాన్ఫెడరేట్ సైనికుల కోసం తర్వాత చేయించిన రాళ్లకు డాలు ఉండదు, పైభాగం మొనతేలి ఉంటుంది. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే "ఫస్ట్ అలబామా కావల్రీ" అనే పేరుతో రెండు వైపులా రెజిమెంట్లు ఉన్నాయి. పేరు, నంబరు మాత్రమే చూసి వెతికితే ఒకరి చరిత్ర తెచ్చి ఇంకొకరి సమాధికి అతికించేస్తాం.

అలబామా 1861 జనవరిలో విడిపోయింది. కానీ ఉత్తరాన గుట్టల్లో ఉన్న విన్‌స్టన్, వాకర్, మారియన్, ఫయెట్ కౌంటీల్లో చిన్న కమతాల రైతులే ఎక్కువ. బానిసలున్న ఇళ్లు చాలా తక్కువ. విన్‌స్టన్ నుంచి వెళ్లిన ప్రతినిధి క్రిస్టఫర్ షీట్స్ విడిపోయే తీర్మానం మీద సంతకం పెట్టనే లేదు. 1862 ఏప్రిల్‌లో కాన్ఫెడరసీ 18 నుంచి 35 ఏళ్ల మగవాళ్లను బలవంతంగా సైన్యంలో చేర్చే చట్టం తెచ్చింది, సెప్టెంబరులో ఆ వయసును 45కి పెంచింది. అప్పటిదాకా "మా మానాన మమ్మల్ని వదిలేయండి" అన్నవాళ్లు అడవుల్లో తలదాచుకుని, రాత్రిళ్లు నడిచి యూనియన్ శిబిరాలకు చేరారు. అలా 1862లో మొదలైందే యూనియన్ వైపు ఫస్ట్ అలబామా కావల్రీ. దాని పట్టీల మీద రెండు వేలకు పైగా పేర్లు ఉన్నాయి. 1863 సెప్టెంబరు నుంచి దీని కర్నల్ జార్జ్ స్పెన్సర్, యుద్ధం తర్వాత అలబామా నుంచి సెనేటర్ అయ్యాడు. యూనియన్ జనరల్ షెర్మన్ జార్జియా మీదుగా సముద్రం దాకా నడిచినప్పుడు ఆయన అంగరక్షక దళం ఈ రెజిమెంటులోదే. 1865 మార్చి 10న నార్త్ కరొలైనాలోని మన్రోస్ క్రాస్‌రోడ్స్ దగ్గర తెల్లవారుజామున జరిగిన దాడిని తట్టుకున్న దళాల్లోనూ ఈ రెజిమెంటు ఉంది. 1865 అక్టోబరు 20న హంట్స్‌విల్‌లో రద్దయింది.

ఇక వెతకడం. వాషింగ్టన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో రికార్డ్ గ్రూప్ 94 కింద సైనికుల సర్వీసు రికార్డులు ఉన్నాయి. దక్షిణాది యూనియన్ సైనికుల విషయంలో మనకు కలిసొచ్చే సంగతి ఒకటుంది. ఒహాయో, ఇల్లినాయ్ లాంటి పెద్ద రాష్ట్రాల రెజిమెంట్లకు ఎక్కువగా పేర్ల సూచిక మాత్రమే మైక్రోఫిల్మ్ అయింది, అసలు కాగితాలు కావాలంటే దరఖాస్తు పెట్టుకోవాలి. దక్షిణాది రాష్ట్రాల యూనియన్ రెజిమెంట్లకు మాత్రం రికార్డులు పూర్తిగా ఫిల్ముకెక్కాయి. ఆ ఫిల్ముల నంబర్లు ఇవి: అలబామాకు సూచిక ఎం 263, రికార్డులు ఎం 276 (పది రోల్స్). టెనెసీకి ఎం 392, ఎం 395. ఆర్కన్సాకు ఎం 383, ఎం 399. టెక్సస్‌కు ఎం 393, ఎం 402. ఇవన్నీ డిజిటల్ రూపంలో ఫోల్డ్3 అనే వెబ్‌సైట్‌లో చూడవచ్చు. చాలా పబ్లిక్ లైబ్రరీల్లో దానికి చందా ఉంటుంది, లైబ్రరీ కార్డుతో ఉచితంగా వాడుకోవచ్చు.

పేరు టైపు చేసి ఏమీ రాకపోతే అక్కడితో ఆగిపోకండి. పేరు చెప్పేవాడికి చదువు రాదు, రాసుకునే గుమాస్తా ఇల్లినాయ్ నుంచో మిస్సోరీ నుంచో వచ్చినవాడు, గుట్టల యాస అతని చెవికి కొత్త. ఒకే మనిషి పేరు మూడు పట్టీల్లో మూడు రకాలుగా ఉండటం మామూలే. దానికి తోడు ఆనాటి చేతిరాతలో "ఎస్" పక్కపక్కన రెండు వస్తే మొదటిదాన్ని పొడుగ్గా, దాదాపు "ఎఫ్" లాగా రాసేవారు. ఈ కాలంలో సూచిక ఎక్కించినవాళ్లు దాన్ని "పి" అనుకుని జెస్సీని జెపీ చేసేశారు. అందుకని పేరుతో వెతకడం మానేసి, రెజిమెంటు తెరిచి, ఇంటిపేరు మొదటి అక్షరం దగ్గర ఒక్కొక్క కవరూ తిరగేయండి. పది రోల్సే కాబట్టి ఒక సాయంత్రంలో అయ్యే పని.

ఆ కవరును జాకెట్టు అంటారు. లోపల మామూలుగా పదో ఇరవయ్యో కార్డులు ఉంటాయి. ఇవి యుద్ధకాలపు కాగితాలు కావు. 1880ల చివర్లో, 90ల్లో పింఛను దరఖాస్తులు కుప్పలుగా వచ్చిపడుతుంటే, వార్ డిపార్ట్‌మెంటులో ఫ్రెడ్ ఐన్స్‌వర్త్ అనే అధికారి పాత పట్టీలన్నింటినీ మనిషికో కవరుగా కార్డులకెక్కించే ఏర్పాటు చేశాడు. ప్రతి కార్డు అడుగున నకలు రాసిన గుమాస్తా సంతకం కనిపిస్తుంది. అంటే మనం చదువుతున్నది నకలు. అసలు పట్టీలో ఒక గడి ఖాళీగా ఉంటే కార్డులోనూ ఖాళీయే. తప్పుంటే అదే తప్పు.

కార్డుల్లో మొదట చదవాల్సింది డిస్క్రిప్టివ్ బుక్ కార్డు. వయసు, ఎత్తు అడుగులు అంగుళాల్లో, ఒంటి రంగు, కళ్లు, జుట్టు, పుట్టిన ఊరు, వృత్తి, ఎప్పుడు ఎక్కడ ఎవరు చేర్చుకున్నారు, ఎంత కాలానికి, ఇవన్నీ అందులో ఉంటాయి. వయసు మీద ఎక్కువ ఆధారపడకండి. 18 అని రాసినవాళ్లలో 16 ఏళ్లవాళ్లున్నారు, 44 అని రాసినవాళ్లలో 50 దాటినవాళ్లున్నారు. పుట్టిన కౌంటీని మాత్రం వదలొద్దు. ఒకే పేరుతో ముగ్గురుంటే వాళ్లను విడదీసేది అదే.

రెండోది మస్టర్-ఇన్ కార్డు, అంటే దండులోకి అధికారికంగా చేర్చుకున్నప్పటిది. గుర్రపు దళానికి ప్రత్యేకమైన సంగతి దీనిలోనే ఉంటుంది: గుర్రం విలువ ఇంత, జీను కళ్లెం విలువ ఇంత అని రెండు గడులు. 1861 జులై చట్టం ప్రకారం సొంత గుర్రంతో వచ్చిన వాలంటీరుకు రోజుకు 40 సెంట్లు అదనం. జీతం నెలకు 13 డాలర్లు (1864 మే నుంచి 16) ఉన్న రోజుల్లో గుర్రం మీదే నెలకు 12 డాలర్లు వచ్చేవి. ఆ గడుల్లో అంకె ఉంటే, కాన్ఫెడరేట్ గస్తీ కళ్లుగప్పి గుర్రాన్ని కూడా తోలుకొచ్చాడని అర్థం. ఖాళీగా ఉంటే మాత్రం నడిచే వచ్చాడని తేల్చేయకండి. ప్రభుత్వ గుర్రం ఇచ్చి ఉండొచ్చు, గుమాస్తా నింపకపోయి ఉండొచ్చు. తర్వాతి కార్డుల్లో "గుర్రం యుద్ధంలో చచ్చింది" అనో, కార్బైనో జీనో పోగొట్టినందుకు జీతంలో కోత అనో రాసి ఉంటే, ఆ తేదీని రెజిమెంటు పోరాటాల తేదీలతో సరిపోల్చండి. 1863 అక్టోబరు 26న విన్సెంట్స్ క్రాస్‌రోడ్స్ దగ్గర ఈ రెజిమెంటు దెబ్బతిని చెల్లాచెదురైంది. ఆ తేదీకి ముందూ వెనకా ఉన్న కార్డుల్లో ఏం రాశారో చూడండి.

మూడో రకం రెండు నెలలకొకటి చొప్పున వచ్చే హాజరు కార్డులు. ఇవి విడివిడిగా చూస్తే ఏమీ చెప్పవు. తేదీల వరుసలో పేర్చి చదవాలి. కారింత్, గ్లెండేల్, క్యాంప్ డేవీస్, మెంఫిస్, డికేటర్, రోమ్ అని శిబిరాల పేర్లు వరుసగా వస్తాయి. గ్లెండేల్, క్యాంప్ డేవీస్ మిస్సిసిపీలో కారింత్ పరిసరాల్లోవి. రోమ్ జార్జియాలోది. "ఫలానా తేదీ వరకు జీతం ముట్టింది" అన్న చిన్న గీత చాలా విలువైనది. ఆ జీతం చేతికందిన రోజున మనిషి కంపెనీతో ఉన్నాడన్నమాట. ముందు చేరిన కంపెనీల్లో ఏడాది గడువుకే చేరినవాళ్లు ఉన్నారు. 1863 డిసెంబరులో గడువు తీరి ఇంటికెళ్లి, మళ్లీ చేరినవాళ్లకు కార్డులు రెండు వరసలుగా ఉంటాయి. మధ్యలో కనిపించే ఖాళీ నెలలను పారిపోవడం అనుకోకూడదు.

ఇప్పుడు మీరు అడిగిన "పారిపోయాడు" మాట. ఉత్తరాది రెజిమెంటులో ఆ మాటకు ఉన్న అర్థం ఇక్కడ లేదు. ఒహాయోవాడు దండు వదిలి ఇంటికి వెళ్తే అది శత్రువు లేని ఇల్లు. విన్‌స్టన్ కుర్రవాడి ఇల్లు కాన్ఫెడరేట్ గస్తీ తిరిగే చోట, శిబిరానికి రెండు మూడు రోజుల నడక దూరంలో ఉంది. భార్యాపిల్లలకు తిండి ఉందో లేదో చూద్దామని అనుమతి లేకుండా వెళ్తాడు. దారిలో హోం గార్డు (కాన్ఫెడరేట్ల స్థానిక కాపలా దళం) చేతికి చిక్కుతాడు. కాన్ఫెడరేట్ల లెక్కలో అతను ద్రోహి, చాలాసార్లు వాళ్ల సైన్యం నుంచే తప్పించుకొచ్చినవాడు కూడా. కాల్చేసినా, చెట్టుకు వేలాడదీసినా, బలవంతంగా వాళ్ల దండులో కలిపేసినా ఆ కబురు కంపెనీ గుమాస్తాకు చేరదు. పేరు పిలిచినప్పుడు పలకలేదు కాబట్టి "డెజర్టెడ్" అని రాస్తాడు. తిరిగొచ్చినవాడికి తర్వాతి కార్డులో "తిరిగి హాజరు" అని ఉంటుంది, కానీ వెబ్ జాబితాలు ఎక్కించినవాళ్లు తరచుగా మొదటి మాట దగ్గరే ఆగిపోతారు. ఇలా ఇంటికి బయల్దేరి చనిపోయిన మనుషుల మీద ఈ ఒక్క మాట నూటయాభై ఏళ్లుగా అలాగే ఉండిపోయింది. అందుకే తొందరపడి దాన్ని మళ్లీ ఎక్కడా ఎక్కించకండని గట్టిగా అడుగుతున్నాను.

తేల్చుకునే దారి ఉంది. జాకెట్టులో నోటేషన్ కార్డు అని మరొకటి ఉందేమో చూడండి. 1884 జులై 5, 1889 మార్చి 2 నాటి చట్టాల కింద సైనికుడు గానీ, వారసులు గానీ పారిపోయాడన్న అభియోగాన్ని తొలగించమని కోరే వీలుండేది. తొలగిస్తే "డెజర్షన్ ఛార్జి తొలగించడమైనది" అని చట్టం తేదీతో సహా ఆ కార్డు మీద రాసేవారు. తిరస్కరిస్తే అదీ రాసేవారు. కార్డుల అడుగున "బుక్ మార్క్" అన్న చోట అంకెలుంటే, ఆ విషయం మీద వార్ డిపార్ట్‌మెంటు నడిపిన ఉత్తర ప్రత్యుత్తరాల ఫైలు నంబరు అది. దాన్ని ఆర్కైవ్స్‌కు రాసి తెప్పించుకోవచ్చు. అలాగే "యుద్ధఖైదీ రికార్డుల నుంచి మెమోరాండం" అనే కార్డు ఉంటే, గుమాస్తా పారిపోయాడన్న రోజుల్లోనే మనిషి కాన్ఫెడరేట్ల కహాబా జైల్లోనో ఆండర్సన్‌విల్ జైల్లోనో ఉన్నట్టు బయటపడవచ్చు.

మీ రాయి మీద "కో. కె" ఉందన్నారు కాబట్టి ఇంకో మెలిక. ఐ, కె కంపెనీల మనుషులు 1862 వేసవిలో హంట్స్‌విల్ వైపు చేరారు. అప్పటికి అలబామా రెజిమెంటు లేదు, అందుకని వాళ్లను ఫస్ట్ మిడిల్ టెనెసీ కావల్రీలో కలిపి నడిపించారు. 1863 ఏప్రిల్‌లో యూనియన్ కర్నల్ ఏబెల్ స్ట్రైట్ అలబామా మీదుగా కంచరగాడిదల మీద చేసిన దాడికి దారి చూపినవాళ్లు వీళ్లే. ఏప్రిల్ 30న డేస్ గ్యాప్ దగ్గర పోరాడి, మే 3న సీడార్ బ్లఫ్ దగ్గర కాన్ఫెడరేట్ జనరల్ నేథన్ ఫారెస్ట్ దళానికి దండు మొత్తం లొంగిపోయింది. కాబట్టి కె కంపెనీ మనిషికి 1863 మే తర్వాత "గైర్హాజరు" అని వరుసగా ఉంటే ముందు ఈ పట్టుబడటం, పెరోల్ (మళ్లీ పోరాడనని మాట తీసుకుని వదిలేయడం) గురించి ఆలోచించండి. ఆ ఫస్ట్ మిడిల్ టెనెసీ తర్వాత ఫిఫ్త్ టెనెసీ కావల్రీ అయింది. కాబట్టి ఎం 395లో ఫిఫ్త్ టెనెసీ కింద కూడా ఇదే పేరుతో జాకెట్టు ఉందేమో చూడాలి. రెండుచోట్లా సగం సగం కార్డులు దొరికే అవకాశం ఉంది.

కాన్ఫెడరేట్ వైపు కూడా తప్పకుండా వెతకండి. అలబామా కాన్ఫెడరేట్ సైనికుల రికార్డులు ఎం 311. నిర్బంధ చట్టం కింద పట్టుకెళ్తే కొన్ని వారాలో నెలలో ఉండి తప్పించుకొచ్చినవాళ్లు బోలెడుమంది. అక్కడా "డెజర్టెడ్" అని, ఇక్కడ కొన్ని వారాల తర్వాత చేరిన తేదీ ఉంటే రెండూ ఒకే మనిషివి కావచ్చు. కౌంటీ, వయసు కలిస్తేనే కలపండి.

చావుల గురించి ఒక మాట. తుపాకీ దెబ్బకంటే జబ్బుతో పోయినవాళ్లే చాలా ఎక్కువ. కార్డు మీద "రుబియోలా" అంటే తట్టు. దూరందూరంగా ఉండే గుట్ట ఇళ్లలో పెరిగినవాళ్లకు చిన్నప్పుడు తట్టు సోకలేదు, వందల మంది ఒక్క శిబిరంలో చేరగానే ఒకరినుంచి ఒకరికి పాకింది. తర్వాత నిమోనియా, విరేచనాలు, టైఫాయిడ్. నాష్‌విల్, కారింత్, మెంఫిస్ ఆసుపత్రుల పేర్లు తరచూ వస్తాయి. ఆసుపత్రి వివరాలు పూర్తిగా జాకెట్టులో ఉండవు. కార్డెడ్ మెడికల్ రికార్డ్స్ అని వేరే వరుస ఉంది, అది ఫిల్మ్ కాలేదు. ఆర్కైవ్స్‌కు రాసేటప్పుడు ఆ పేరు స్పష్టంగా చెప్పి అడగాలి. సర్వీసు రికార్డు అడిగితే అది తనంతట తాను రాదు. కారింత్ జాతీయ శ్మశానంలో వెతికేవాళ్లు మరో పొరపాటు చేయకుండా చూసుకోవాలి. ఫస్ట్ అలబామా ఇన్‌ఫెంట్రీ ఆఫ్ ఆఫ్రికన్ డిసెంట్ అనే నల్లజాతి పదాతి రెజిమెంటు కూడా అక్కడే ఏర్పడింది, తర్వాత 55వ యునైటెడ్ స్టేట్స్ కలర్డ్ ట్రూప్స్ అయింది. రాయి మీద "అలా." అని మాత్రమే ఉంటే అది ఎవరిదో పట్టీ చూడకుండా చెప్పలేం.

తెల్లవాళ్ల రెజిమెంటు పట్టీల్లోనే "అండర్ కుక్" (సహాయ వంటవాడు) హోదాలో నల్లజాతివాళ్లు కూడా ఉంటారు. 1863 మార్చి చట్టం దీనికి వీలు కల్పించింది. వీళ్లకు ఇంటిపేరు రాయకుండా ఒక్క పేరే రాసిన కార్డులు ఉండొచ్చు, సూచికలో దొరక్కపోవచ్చు. జాకెట్లన్నీ తిరగేసేవాళ్లకే కనిపిస్తారు. కనిపిస్తే దాటేయకుండా రాసి పెట్టుకోండి, వాళ్ల వారసులు వెతుకుతూ ఉంటారు.

మనిషి జీవితం కావాలంటే మాత్రం పింఛను ఫైలుకు వెళ్లాల్సిందే. సూచిక టి 288 పేర్లవారీగా, టి 289 రెజిమెంటు, కంపెనీలవారీగా ఉంటుంది. పేరు తప్పుగా ఉందని అనుమానం ఉంటే టి 289లో ఫస్ట్ అలబామా కె కంపెనీ కార్డులన్నీ చూసేయండి. కార్డు మీద సైనికుడికొక నంబరు, భార్యకొకటి, పిల్లలకొకటి ఉంటాయి. దరఖాస్తు నంబరు, మంజూరు నంబరు వేర్వేరు. రెండూ రాసుకోండి, ఆర్కైవ్స్‌కు రెండూ ఇవ్వండి. 1890 జూన్ 27 చట్టంతో 90 రోజుల సర్వీసు, గౌరవప్రదమైన విడుదల ఉండి ఒంట్లో శక్తి తగ్గితే చాలు, గాయం యుద్ధంలో తగిలిందని రుజువు చేయనక్కర్లేదు. అందుకే 1890 నుంచి దరఖాస్తులు వెల్లువెత్తాయి. డెజర్షన్ ఛార్జి తీయమన్న అర్జీలకూ కారణం ఇదే: ఆ మాట ఉంటే పింఛను రాదు.

ఆ ఫైల్లో 1898లోనూ 1915లోనూ పింఛను బ్యూరో పంపిన ప్రశ్నపత్రాలు ఉన్నాయేమో ముందు చూడండి. భార్య పుట్టింటి ఇంటిపేరు, పెళ్లి ఎప్పుడు ఎక్కడ ఎవరు చేశారు, అంతకుముందు పెళ్లి అయిందా, బతికున్న పిల్లల పేర్లు పుట్టిన తేదీలు, అన్నీ సైనికుడి నోటి మాటగా ఒకే కాగితం మీద దొరుకుతాయి. కోర్టు కాలిపోయి పెళ్లి రికార్డులు పోయిన కౌంటీల్లో ఇంతకంటే మంచి ఆధారం ఉండదు. వితంతువు దరఖాస్తు అయితే పెళ్లికి సాక్షులు, కాన్పు చూసిన మంత్రసాని, పక్కింటివాళ్లు ఇచ్చిన వాంగ్మూలాలు ఉంటాయి. కుటుంబ బైబిల్లో పుట్టుకలు రాసిన పేజీనే చించి జతచేసిన ఫైళ్లూ ఉన్నాయి. ఒకవేళ కాన్ఫెడరేట్ సర్వీసు ఉంటే, అది ఇష్టపడి చేశాడా, బలవంతం మీదా అని బ్యూరో గుచ్చిగుచ్చి అడిగేది. ఇష్టపూర్వకంగా తిరుగుబాటుకు సాయం చేసినవాళ్లకు పింఛను ఇవ్వకూడదని చట్టం. అందువల్ల ఆ వాంగ్మూలాల్లో ఎలా పట్టుకెళ్లారో, ఏ దారిన తప్పించుకున్నారో విపులంగా ఉంటుంది. కానీ డబ్బు కోసం, ముప్ఫై ఏళ్ల తర్వాత చెప్పిన మాటలవి. తేదీలకు జాకెట్టునే నమ్మండి.

ఇంటి పరిస్థితి తెలియాలంటే సదరన్ క్లెయిమ్స్ కమిషన్ కాగితాలు చూడాలి. 1871లో కాంగ్రెస్ దీన్ని ఏర్పాటు చేసింది. యూనియన్ పట్ల విధేయంగా ఉన్న దక్షిణాదివాళ్ల దగ్గర యూనియన్ సైన్యం తీసుకున్న గుర్రాలు, మొక్కజొన్న, పంది మాంసం, కంచె కర్రలకు పరిహారం ఇవ్వడం దీని పని. 22,298 క్లెయిములు వచ్చాయి, ఎక్కువ భాగం తిరస్కరించారు. విధేయత రుజువు చేయడానికి "నా కొడుకు ఫస్ట్ అలబామాలో పనిచేశాడు" అని తండ్రి చెప్పిన ఒక్క వాక్యం మీకు సైనికుడి కుటుంబాన్ని పట్టిస్తుంది. సాక్షిగా వచ్చిన పొరుగువాడు తనూ అదే కంపెనీ అని చెప్పి ఉండొచ్చు. అందుకని సైనికుడి ఇంటిపేరుతోనే ఆగకుండా ఆ కౌంటీ క్లెయిములన్నీ చూడండి. తిరస్కరించినవి ఎం 1407లో ఉన్నాయి. ఓడిపోయిన క్లెయిముల్లోనూ వాంగ్మూలాలు అంతే విలువైనవి.

రెండు చోట్ల మాత్రం టైము వృథా చేసుకోకండి. 1890 వెటరన్స్ జనాభా లెక్కలు (ఎం 123) రాష్ట్రాల అక్షరక్రమంలో కెంటకీ సగం నుంచి మాత్రమే మిగిలాయి, అలబామావి పోయాయి. మనిషి యుద్ధం తర్వాత టెనెసీకో టెక్సస్‌కో వలసపోయి ఉంటేనే అది పనికొస్తుంది. ఇక టెనెసీకి ఉన్నట్టు అలబామాకు యూనియన్ సైనికుల అడ్జుటెంట్ జనరల్ నివేదిక (రాష్ట్ర ప్రభుత్వం అచ్చువేసిన సైనికుల పట్టీ) లేదు, యుద్ధకాలంలో అక్కడ యూనియన్ రాష్ట్ర ప్రభుత్వమే లేదు కదా.

ఈ పద్ధతి మిగతా దక్షిణాది దళాలకూ సరిపోతుంది, నంబర్ల గందరగోళం ఒక్కటి జాగ్రత్త. టెనెసీలో యూనియన్ సెవెంత్ కావల్రీ 1864 మార్చి 24న యూనియన్ సిటీలో లొంగిపోయింది కాన్ఫెడరేట్ సెవెంత్ టెనెసీ కావల్రీ కర్నల్ డక్‌వర్త్‌కే! యూనియన్‌లోనే థర్టీన్త్ టెనెసీ అనే పేరుతో రెండున్నాయి: ఫోర్ట్ పిల్లోలో నాశనమైన బ్రాడ్‌ఫర్డ్ బెటాలియన్ ఒకటి, తూర్పు టెనెసీ రెజిమెంటు ఒకటి. థర్డ్ టెనెసీ కావల్రీ మనిషికి మరణ తేదీ 1865 ఏప్రిల్ 27 అని ఉంటే అది సుల్తానా స్టీమరు పేలుడు. కహాబా జైలు నుంచి విడుదలై ఇంటికి వెళ్తూ మెంఫిస్ దాటాక మిస్సిసిపీ నదిలో పోయారు.

మీ మనిషి విషయంలో ముందు ఎం 276లో కె కంపెనీ జాకెట్టు తెరవండి, మొదటి కార్డు నుంచి చివరి కార్డు దాకా ఖాళీ గడులతో సహా డౌన్‌లోడ్ చేసుకోండి. తర్వాత ఫిఫ్త్ టెనెసీ కింద, ఆ పైన టి 289. "పారిపోయాడు" అన్న కార్డుకు వెంటనే ముందున్నదీ వెనకున్నదీ చేతిరాత అర్థం కాకపోతే ఆ మూడు బొమ్మలూ ఇక్కడ పెట్టండి, కలిసి చదువుదాం.